జీతం కూడా అప్పే
(కంపెనీల దివాలా తీర్పులు – కార్మిక స్త్రీలు అనే అంశం మీద మహిళా కార్యకర్తల అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



కంపెనీల దివాలా గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. గృహహింస, ఆస్తిహక్కు, కనీస వేతనం అంటే మన విషయాలు. బ్యాంకులకూ కంపెనీలకూ మధ్య నడిచే తగాదాతో మనకేం పని అని వాళ్ల సందేహం. ఈ తీర్పులు వందల పేజీలు చదివినా బ్యాంకులు, ప్రమోటర్లు, కంపెనీని కొనడానికి వచ్చిన పెట్టుబడిదారులు తప్ప మిషను ముందు నిలబడి పనిచేసిన మనిషి అరుదుగా ఎదురుపడుతుంది. ఎందుకు ఎదురుపడదన్నదే నా ప్రశ్న.

జీతం మనకెప్పుడు ఇస్తారు? నెలంతా పని చేశాక. అంటే ఆ నెల రోజులూ కార్మికురాలు తన శ్రమను యజమానికి అప్పుగా ఇస్తోందన్న మాట. వడ్డీ లేదు, తాకట్టు లేదు. గ్రాట్యుటీ అయితే ఏళ్ల తరబడి పేరుకునే అప్పు. బ్యాంకు అప్పిచ్చే ముందు భూమి కాగితాలు తీసుకుంటుంది, యంత్రాలు తాకట్టు రాయించుకుంటుంది. కంపెనీ మూతపడ్డ రోజున ఈ ఇద్దరు అప్పులవాళ్లూ ఒకే గేటు ముందు నిలబడతారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చట్టం చెబుతుంది, కోర్టులు దానికి అర్థం చెబుతాయి.

ఒకప్పుడు కంపెనీని మూసేసే కేసులో కార్మికులకు మాట్లాడే హక్కు కూడా ఉండేది కాదు. అది వాటాదారులదీ అప్పిచ్చినవాళ్లదీ వ్యవహారం. 1982 డిసెంబరులో నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మెజారిటీ తీర్పుతో, కార్మికుల మాట వినవలసిందే అన్నది. ఆ మెజారిటీలో మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఉన్నారు. 1985లో కంపెనీల చట్టాన్ని సవరించి, కార్మికుల బాకీలను తాకట్టు ఉన్న బ్యాంకుల అప్పులతో సమానమైన వరుసలో పెట్టారు. ఎన్ని నెలల బాకీ అన్న పరిమితి పెట్టలేదు. ఇది కార్మికోద్యమం సాధించుకున్న విషయం. అయితే ఆనాటి లిక్విడేషన్ కేసులు ఎంత కాలం సాగేవో కూడా మరిచిపోకూడదు. కాగితం మీద హక్కు ఉండగానే ఎంతోమంది చనిపోయారు.

2016లో ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్‌రప్టసీ కోడ్, అంటే ఐ.బి.సి., వచ్చింది. దీని ప్రకారం అప్పులవాళ్లు రెండు రకాలు. డబ్బు అప్పిచ్చినవాళ్లు ఫైనాన్షియల్ క్రెడిటర్లు. సరుకో సేవో అందించి డబ్బు రాకుండా మిగిలినవాళ్లు ఆపరేషనల్ క్రెడిటర్లు. కార్మికులు ఈ రెండో గుంపులో ఉంటారు. కంపెనీ భవిష్యత్తును తేల్చే రుణదాతల కమిటీలో ఓటు మొదటి గుంపుకే. రెండో గుంపు బాకీ మొత్తం అప్పులో 10 శాతానికి తగ్గకుండా ఉంటే వాళ్ల ప్రతినిధి సమావేశానికి వచ్చి కూర్చోవచ్చు. ఓటు లేదు.

ఈ విభజన రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకు వెళ్లారు. 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇది సమానత్వ హక్కుకు భంగం కాదని చెప్పింది. అదే ఏడాది నవంబరులో ఎస్సార్ స్టీల్ తీర్పు వచ్చింది. రెండు గుంపులకూ సమానంగా పంచాలని అప్పిలేట్ ట్రైబ్యునల్ అంటే, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఎవరికెంత ఇవ్వాలన్నది కమిటీ వ్యాపార విజ్ఞతకు సంబంధించిన విషయం అన్నది. ఈ ‘వ్యాపార విజ్ఞత’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బాకీ పడ్డ జీతాన్ని తూచడానికి ఇదా తక్కెడ?

పోల్చడానికి ఒక ఉదాహరణ. అపార్ట్‌మెంటుకు డబ్బు కట్టి ఇల్లు రానివాళ్లు కూడా మొదట్లో ఏ గుంపుకీ చెందక నలిగిపోయారు. వాళ్లు సంఘటితమై ఒత్తిడి తెచ్చారు. 2018లో చట్టం సవరించి వాళ్లను ఫైనాన్షియల్ క్రెడిటర్లుగా గుర్తించారు. 2019 ఆగస్టులో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. వాళ్లకు న్యాయం జరగడం మంచిదే. కాని ముందుగా కట్టిన వాయిదా డబ్బు ‘అప్పు’ అయినప్పుడు ముందుగా ఇచ్చిన శ్రమ ఎందుకు కాలేదు? వర్గీకరణ ప్రకృతి నియమమేమీ కాదు, మార్చగలిగిందేనని ఆ సవరణే రుజువు చేసింది.

ఇక వరుస సంగతి. కంపెనీ లిక్విడేషన్‌కు వెళితే, 53వ సెక్షన్ ప్రకారం లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల కార్మికుల బాకీలు మాత్రమే బ్యాంకులతో సమాన వరుసలో ఉంటాయి. ‘కార్మికులు’ అన్న నిర్వచనంలోకి రాని ఉద్యోగులకు 12 నెలలు, అదీ ఒక మెట్టు కింద. వినడానికి 24 నెలలు ఎక్కువే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక మిల్లులో 2022 జనవరి నుంచి జీతాలు ఆగాయి, ఆరు నెలలు అట్లాగే పని చేయించుకుని జూన్‌లో తాళం వేశారు అనుకుందాం. దివాలా ప్రక్రియ నడిచి, కొనేవాడు దొరక్క, 2025 జనవరిలో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. అక్కడి నుంచి 24 నెలలు వెనక్కి వెళితే 2023 జనవరి దగ్గర ఆగిపోతాం. ఆ 24 నెలలూ మిల్లుకు తాళమే. చట్టంలోని మాటలను ఉన్నదున్నట్టు లెక్కిస్తే, ఆమె చెమటోడ్చిన ఆరు నెలలు ఆ వరుసలోకి రావు, చాలా కిందికి పోతాయి. కోర్టుల్లో జాప్యమయ్యే కొద్దీ కార్మికురాలి హక్కు కరుగుతుంది. తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకు ఇట్లాంటి నెలల పరిమితి లేదు.

ఈ పరిమితిని మోజర్ బేర్ కార్మికుల యూనియన్ సవాలు చేసింది. పాత చట్టం కింద ఉన్న రక్షణను తీసేయడం అన్యాయమన్నారు. 2023 మే 2న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

దివాలా ప్రక్రియ నడిచే కాలంలో జీతం మాటేమిటి? 2022 ఏప్రిల్‌లో ఎ.బి.జి. షిప్‌యార్డ్ కేసులో కోర్టు చెప్పింది: ఆ కాలంలో కంపెనీ నిజంగా నడిచి, కార్మికులు నిజంగా పని చేసి ఉంటేనే ఆ జీతం ప్రక్రియ ఖర్చుగా లెక్కించి ముందుగా చెల్లించాలి. రోజూ గేటు దాకా వచ్చి వెనక్కి పంపబడ్డవాళ్లకు ఈ సూత్రం దక్కదు.

అన్నీ నిరాశ కలిగించే తీర్పులే కావు. పి.ఎఫ్., పెన్షన్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము లిక్విడేషన్ ఆస్తిలో కలవదని 36వ సెక్షన్ చెబుతోంది. జెట్ ఎయిర్‌వేస్ కేసులో, దివాలా ప్రక్రియ మొదలైన తేదీ దాకా ఉద్యోగుల పి.ఎఫ్., గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని అప్పిలేట్ ట్రైబ్యునల్ 2022 అక్టోబరులో ఆదేశించింది. కొనుగోలుదారుల అప్పీలును 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. గెలిచారు. కాని ఆ పునరుద్ధరణ ప్రణాళికే అమలు కాలేదు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు కంపెనీని లిక్విడేషన్‌కు పంపింది. విమానాలు ఆగింది 2019 ఏప్రిల్‌లో! ఇంగ్లీషు వచ్చి, వకీళ్లను పెట్టుకోగలిగిన ఉద్యోగులకే ఈ గతి పట్టింది.

పైగా ఈ రక్షణ అందేది పి.ఎఫ్. ఖాతా ఉన్నవాళ్లకు. ఊడ్చే పని, ప్యాకింగు, క్యాంటీను, లోడింగు చేసే స్త్రీలు కాంట్రాక్టరు మనుషులు. కంపెనీ పుస్తకాల్లో బాకీ కాంట్రాక్టరు పేరున ఉంటుంది. కంపెనీ మీద క్లెయిమ్ వేసేది అతను, డబ్బు వస్తే తీసుకునేదీ అతనే. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాని జీతం ఇవ్వాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది, 2020 నాటి లేబర్ కోడ్‌లోనూ నిలిచింది. దాని ఆధారంగా మన స్త్రీల చేత నేరుగా క్లెయిములు వేయించాలి. కార్మికుల బాకీ అన్న నిర్వచనంలో పీస్‌రేటు కూలి కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు. ప్రసూతి ప్రయోజనం మాత్రం అందులో పేరు పెట్టి లేదు. ఎవరికీ గుర్తు రాలేదో, వచ్చినా అవసరమనిపించలేదో!

నా దృష్టిలో స్త్రీలకు అన్నిటికన్నా ప్రమాదకరమైనది 2021 ఏప్రిల్ నాటి ఘనశ్యామ్ మిశ్రా తీర్పు. ట్రైబ్యునల్ ఆమోదించిన ప్రణాళికలో లేని బాకీలు అన్నీ రద్దయినట్టే అని కోర్టు చెప్పింది. కొత్త యజమాని పలక శుభ్రంగా తుడిచి ఇస్తే తప్ప కొనడు, కాబట్టి తుడిచేయాలి. తుడుపులో పోయేది ఎవరు? క్లెయిమ్ వేయనివాళ్లు. ప్రకటన వచ్చేది ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో. మామూలు గడువు 14 రోజులు. ఆలస్యమైతే 90 రోజుల దాకా, 2023 సవరణ తర్వాత కొన్ని సందర్భాల్లో ఇంకొంచెం ఎక్కువ. ఆపాటికి ఫ్యాక్టరీ మూతపడి ఎన్నాళ్లో అయివుంటుంది. ఆమె ఇంకో పనిలో చేరివుంటుంది, లేదా ఊరికి వెళ్లిపోయివుంటుంది. లేబర్ కోర్టులో కేసు నడుస్తోంది కదా అనుకుంటుంది. మారటోరియం వల్ల ఆ కేసు ఆగిపోయిందని ఆమెకు చెప్పేవాళ్లు లేరు. నా పరిశోధనలో భాగంగా, మూతపడ్డ ఒక బట్టల ఫ్యాక్టరీ స్త్రీలతో మాట్లాడాను. పదకొండేళ్లు పనిచేసిన ఒకామెకు హాజరుపట్టీలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు. తానే తానని రుజువు చేయడానికి ఎవరి సంతకం కావాలని నన్ను అడిగింది. ఇచ్చిన ఫోన్ నంబరు భర్తది, అతను వేరే ఉంటున్నాడు.

2019 ఏప్రిల్‌లో కాన్పూరు జె.కె. జ్యూట్ మిల్లు కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. కార్మికులు విడివిడిగా రానక్కర్లేదు, రిజిస్టరైన యూనియన్ వాళ్లందరి తరఫునా దివాలా పిటిషన్ వేయవచ్చని. మనకు ఇది పెద్ద ఆసరా. కాని 2020 మార్చిలో పిటిషన్‌కు కావలసిన కనీస బాకీని లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు. మనిషికి 50 వేలు రావలసి ఉంటే, అంతకు ముందు ఇద్దరు చేరితే సరిపోయేది. ఇప్పుడు 200 మంది కావాలి.

విశాఖపట్నం కంపెనీ సినర్జీస్ డూరే గురించి చెప్పి ముగిస్తాను. ఈ చట్టం కింద దేశంలోనే మొదటి ప్రణాళికను 2017 ఆగస్టులో హైదరాబాదు ట్రైబ్యునల్ ఆమోదించింది ఈ కంపెనీకే. సుమారు 972 కోట్ల అప్పుకు గాను రుణదాతలకు వచ్చింది సుమారు 54 కోట్లు. ఓటు ఉన్నవాళ్లే రూపాయికి ఆరు పైసలతో సరిపెట్టుకోగల చట్టం ఇది.

మీరు పనిచేసే ప్రాంతంలో ఏ ఫ్యాక్టరీలోనైనా రెండు నెలలు జీతం ఆగిందంటే, మూసేదాకా ఆగకండి. హాజరు కార్డులు, జీతం చీటీలు, పి.ఎఫ్. నంబర్లు, కాంట్రాక్టరు రాసిచ్చిన తుండు కాగితాలు సహా అన్నిటికీ జిరాక్సులు తీసి ఒకచోట పెట్టండి. పేర్లలో తేడాలుంటే అప్పుడే అఫిడవిట్లు చేయించండి. కార్మికులు విడిగా క్లెయిమ్ వేసేది ఫారం డి, అందరి తరఫున ప్రతినిధి వేసేది ఫారం ఇ. రెండిటి నకళ్లూ తెచ్చాను, వెనక బల్ల మీద ఉన్నాయి. భోజనాల తర్వాత ఒక ఫారం అందరం కలిసి నింపి చూద్దాం.