బొంగురు గొంతుకు గ్యాస్ బిళ్ళ ఒక్కటే మందు కాదు
(ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి చర్చించే వేదికపై గొంతు గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ సభలో బడిలో పాఠాలు చెప్పేవారున్నారు, అజాన్ పలికేవారున్నారు, బండిపై పండ్లు అమ్మేవారున్నారు, కలెక్టరేటు ముందు మైకు లేకుండానే గంటసేపు మాట్లాడగలవారూ ఉన్నారు. వీరందరికీ గొంతే పనిముట్టు. అది నెలల తరబడి బొంగురుపోయినా మనం చేసేది ఒక్కటే: మందుల దుకాణంలో గ్యాస్ బిళ్ళ కొని మింగడం.

గ్యాసుకూ గొంతుకూ సంబంధమున్న మాట నిజమే. ఆహారం జీర్ణం కావడానికి కడుపులో ఆమ్లమూ, పెప్సిన్ అనే పదార్థమూ ఊరుతాయి. కడుపు లోపలి పొర వాటిని తట్టుకోగలదు. అన్నవాహికకు పైనా కిందా బిగుసుకునే కండర వలయాలున్నాయి. వాటి పట్టు సడలినప్పుడు ఆ రసం పైకి ఎగదన్ని స్వరపేటికను తాకుతుంది. అక్కడి పొర మిక్కిలి సున్నితమైనది గనుక కొద్దిపాటి రసం సోకినా వాచిపోతుంది. ఉదయం లేవగానే గొంతు బొంగురుగా ఉండటం, మాటిమాటికీ సవరించుకోవాలనిపించడం, ఏదో అడ్డుపడినట్లుండటం, పొడి దగ్గు దీని లక్షణాలు. ఈ బాధ గలవారిలో చాలామందికి ఛాతీలో మంట ఉండదు. అందుకే కారణం కడుపులో ఉన్నదని వారికి తోచదు. అమెరికా వైద్యురాలు జేమీ కౌఫ్‌మన్ 225 మంది రోగులను పరిశీలించి 1991లో ప్రచురించిన అధ్యయనం తరువాత గొంతు వైద్యులు ఈ విషయంపై ఎక్కువ దృష్టి పెట్టారు.

అయితే ఇవే లక్షణాలు అరిచి అరిచి స్వరతంత్రులపై కాయలు కాచినా వస్తాయి, అలర్జీ వల్లా వస్తాయి. బీడీ, సిగరెట్టు, గుట్కా అలవాటున్నవారిలో గొంతు క్యాన్సర్‌కు తొలి గుర్తు కూడా బొంగురు స్వరమే కావచ్చు. బిళ్ళలు మింగుతూ కాలం గడిపితే జరిగే నష్టం ఇక్కడే ఉన్నది. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నాలుగు వారాలలో తగ్గని బొంగురు గొంతును పరికరంతో చూడాలి. కేవలం గొంతు బొంగురుపోయినదన్న కారణంతో, స్వరపేటికను చూడకుండా ఆమ్లం తగ్గించే మందు రాయకూడదని కూడా అవే చెబుతున్నవి. మెడలో గడ్డ, మింగుటకు కష్టం, కఫంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే నాలుగు వారాలు కూడా ఆగకూడదు.

ఆ పరీక్షకు భయపడనవసరం లేదు. ముక్కు గుండా సన్నని గొట్టం పంపి కెమెరాతో చూస్తారు. కోత లేదు, మత్తు నిద్ర లేదు, కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. మన ఆడపడుచులు సంకోచించక ఇంటివారిని ఒకరిని వెంట తీసుకొని వెళ్ళవచ్చు. హైదరాబాదులో కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులున్నాయి.

ఇక మందుల మాట. బ్రిటన్‌లో గొంతు బాధలు తగ్గని 346 మందిలో ఒక వర్గానికి లాన్సోప్రజోల్ 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, మరొక వర్గానికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళలు 16 వారాలపాటు ఇచ్చారు. రెండు వర్గాలకూ కొంత ఉపశమనం కలిగినది, తేడా మాత్రం కనబడలేదు. 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించినది. మందు ఎవరికీ పనికిరాదని దీని అర్థం కాదు. ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు ఉన్నవారికి వైద్యుడు రాస్తే వాడవలసిందే, అదీ సాధారణంగా భోజనానికి అరగంట ముందు. సంవత్సరాల తరబడి ఎవరినీ అడగకుండా మింగడమే తగదు.

చికిత్సలో పెద్ద భాగం మన ఇంట్లోనే ఉన్నది. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్ళలో కష్టమైన నియమం ఇదే. విందు అంటే రాత్రి పదకొండు గంటలకు బిర్యానీ వడ్డించడం మనకు మర్యాదగా మారిపోయినది! రంజాన్ మాసంలో సహరీ తిని వెంటనే పడుకోవడం కూడా ఈ బాధను పెంచుతుంది. సహరీ మితంగా తిని, నమాజు తరువాత కొంతసేపు కూర్చొని గడపడం మేలు. తప్పక పడుకోవలసివస్తే ఎడమ ప్రక్కకు తిరిగి పడుకోవాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరు నుండి ఎనిమిది అంగుళాల ఎత్తుగా దిమ్మెలు కదలకుండా అమర్చాలి. తలగడలు పేర్చితే మెడ మాత్రమే వంగుతుంది, ప్రయోజనం లేదు. వేపుళ్ళు, అతి కారం, సోడాలు, పదేపదే చాయ్ తగ్గించాలి. బొజ్జ తగ్గితే కడుపుపై ఒత్తిడీ తగ్గుతుంది. గొంతుకు మంచిదని చప్పరించే పుదీనా బిళ్ళలు కూడా కొందరిలో ఆ కండర వలయాన్ని సడలిస్తాయి.

గొంతుకు విశ్రాంతి అంటే గుసగుసలాడటం కాదు. గుసగుస కూడా స్వరతంత్రులకు శ్రమే. తక్కువ మాటలు, మామూలు స్వరంలో మాట్లాడాలి. గొంతు సవరించుకోవాలనిపించినప్పుడు ఒక గుక్క నీళ్ళు మింగాలి. పెద్ద తరగతులలో బోధించే ఉపాధ్యాయులకు ఒక చిన్న మైకు కొనివ్వడం బడి కమిటీలకు పెద్ద ఖర్చేమీ కాదు.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన బిళ్ళల చీటీలన్నీ ఒక కవరులో పెట్టుకొని వెళ్ళండి. బొంగురు ఏ నెలలో మొదలైనదో, పొగాకు అలవాటు ఎన్నేళ్ళనుండి ఉన్నదో దాచకుండా చెప్పండి.