కారు ఆయిల్ తాగుతోందా?

మొన్న హైవే మీద నా కారులో ఎర్ర ఆయిల్ లైటు వెలిగింది. వెంటనే ఇంజన్ ఆపేశా. డిప్‌స్టిక్ తుడిచి ముంచితే తడే లేదు! కింద ఒక్క చుక్క కారలేదు మరి.

పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు కావచ్చు. నాది మొదటి రకం. ఇంజన్ ఇప్పుడే విప్పించను.

ఆ లైటు చెప్పేది లెవెల్ కాదండీ, ప్రెషర్ పడిపోయిందని. అప్పటికే ఆలస్యం. అందుకే 500 కిలోమీటర్లకోసారి, బండి చదునుగా ఉన్నచోట ఆపి, పది నిమిషాలాగి చూస్తున్నా. అదే గ్రేడు ఆయిల్ కొద్దికొద్దిగా పోస్తా, మ్యాక్స్ గీత దాటనివ్వను. డిక్కీలో లీటరు డబ్బా ఎప్పుడూ ఉంటోంది.