గింజల లెక్క: కిశోరసాహిత్యమున బ్రతుకుపోరు

(స్మారకోపన్యాసము)



 ఎవరి పేరిట ఈ ఉపన్యాస ధర్మనిధి వెలసినదో ఆ గ్రంథాలయాధికారిగారి సేవలను గూర్చియు, వారి హయాములో పెరిగిన గ్రంథసంపదను గూర్చియు, నాకు ముందు ఈ వేదికపై నిలిచిన పెద్దలు సవిస్తరముగ చెప్పియున్నారు. నేను చెప్పగలది ఒక్కటియే. వారు నాతో ఏనాడును ఏకీభవింపలేదు. విలియం గోల్డింగు వ్రాసిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ మనుష్యస్వభావమును ఉన్నదున్నట్లు చూపిన గ్రంథమని వారు నమ్మెడివారు, నేను నమ్మలేదు. గ్రంథాలయము మూయు వేళ దాటినను మా వాదము తెగెడిది కాదు. బంట్రోతు తాళపుచెవులను బల్లమీద పెట్టి తన దారిన తాను వెళ్లిపోయెడివాడు. మంచము పట్టిన పిదప చూడబోయినపుడు సైతము వారు నన్ను కుశలమడుగక, ‘ఆ పిల్లల సంగతి తేల్చితివా?’ అనియే అడిగిరి. ఆ సంగతిని వారు లేని సభలో తేల్చవలసివచ్చినందుకు నాకు మిక్కిలి విచారముగ నున్నది. వారు ముందువరుసలో కూర్చుండి కాదనుచుండగా చెప్పవలెనని నా కోరిక.

పెద్దలు లేని లోకమునగాని, క్రూరులైన పెద్దల యేలుబడిలోగాని బాలబాలికలు ప్రాణములు నిలుపుకొను కథల చరిత్రను త్వరితముగ దాటెదను. జాన్ విండమ్ ‘ది క్రిసలిడ్స్’ 1955లోను, జాన్ క్రిస్టఫర్ ‘ది వైట్ మౌంటెన్స్’ 1967లోను, లోయిస్ లౌరీ ‘ది గివర్’ 1993లోను వెలువడినవి. 1999లో జపాను రచయిత కౌషున్ టకామి, ఒక తరగతిలోని 42 మంది విద్యార్థులను ద్వీపమునకు చేర్చి, ఒక్కరు మిగులువరకు ఒకరినొకరు చంపుకొనుడని శాసించిన ప్రభుత్వమును ‘బ్యాటిల్ రాయల్’లో చిత్రించెను. 2008లో సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ రాగా, వెనువెంట జేమ్స్ డాష్నర్, వెరోనికా రాత్ మొదలగువారి నవలలును, చలనచిత్రములును వెల్లువగ వచ్చినవి. రోమక ప్రభువులు రొట్టెను, వినోదమును పంచి ప్రజల నోరు మూయించిన కథకును కాలిన్స్ నవలకును గల సంబంధమును అనేకులు వ్రాసియున్నారు. ఇట్టి పుస్తకములు లేతమనస్సులను చీకటిపాలు చేయుచున్నవని 2011లో మెగన్ కాక్స్ గర్డన్ వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ఆక్షేపింపగా, చీకటిలో పెరిగిన పిల్లలకు ఈ పుస్తకములే అండయని షెర్మన్ అలెక్సీ బదులు పలికెను. ఆ వివాదమును కూడ ఇక్కడనే విడిచెదను.

నేను విడువజాలని వివాదము వేరొకటి యున్నది. విమర్శకులలో పెక్కురు ఈ నవలల కెల్ల ఒక వంశవృక్షమును గీచి, దాని మొదట గోల్డింగును నిలుపుదురు. పెద్దల అదుపు తొలగినచో పిల్లలు మృగములగుదురని 1954లో ఆయన చాటెననియు, టకామి ఆ సత్యమునకు తుపాకుల నిచ్చెననియు, కాలిన్స్ విల్లమ్ముల నిచ్చెననియు వారి సిద్ధాంతము. బలవంతుడు మిగులును, బలహీనుడు నశించును అని ఈ నవలలు బోధించుచున్నవని దానిపై మరియొక మెట్టు. ఈ సిద్ధాంతము పునాదిలోనే తప్పినదని నా దృఢవిశ్వాసము. ఏలయనగా గోల్డింగు ద్వీపమున ఆకలి లేదు.

ఈ మాట వినినవారు మొదట నన్ను వింతగ చూతురు. పుస్తకమును మరల తెరచి చూడుడు. అణుయుద్ధ సమయమున విమానము కూలి బాలురు చేరిన ఆ ద్వీపమున పండ్లచెట్లు విరివిగ నున్నవి. చిన్నపిల్లలు ప్రొద్దస్తమానము చేతికందిన పండ్లను పచ్చి పండు విచక్షణ లేక తిని కడుపునొప్పితోను, విరేచనములతోను బాధపడుదురు. ఆ నవలలో తిండి తెచ్చిన బాధ అజీర్ణమే! త్రాగుటకు మంచినీరున్నది, వేటాడుటకు పందులున్నవి. జాక్ అను బాలుడు పందుల వెంటబడుట పస్తుల వలన గాదు. మాంసముతో విందు పెట్టి తోడివారిని తన వైపునకు త్రిప్పుకొనుటకే. మాంసము మాత్రము ఆహారము కాదా, దాని కొరకే కదా బాలురు నాయకుడైన రాల్ఫును విడిచిపోయిరి, అని నన్నడిగినవారు కలరు. నిజమే, కాని విందునకు ఆశపడి నాయకుని విడుచుట వేరు, పూట గడువక విడుచుట వేరు. సాలిస్‌బరీలో బడిపంతులై, యుద్ధములో నావికాదళమున పనిచేసి, బాలంటైన్ ‘ది కోరల్ ఐలండ్’లోని ఆంగ్లబాలుర నిష్కల్మషత్వమును ఖండింపగోరిన గోల్డింగు, కడుపు నిండిన పిల్లలలోని క్రౌర్యమును పరీక్షించెను. ఆ పరీక్షను ఆయన మిక్కిలి సమర్థముగ చేసెననుటకు నాకు అభ్యంతరము లేదు. దాని ఫలితమును పస్తులున్న పిల్లలకు అన్వయించుటయే అన్యాయము.

పస్తులున్న పిల్లల సంగతి తెలియవలెనన్న కల్పన దాకా పోనక్కరలేదు. 1965లో టోంగా దేశపు నుకుఅలోఫాలోని ఒక వసతిబడి నుండి ఆరుగురు బాలురు పడవ నొకదానిని అడుగకయే తీసికొని సముద్రముపై బయలుదేరిరి. తుపానులో తెరచాప చినిగి, చుక్కాని విరిగి, దినముల తరబడి కొట్టుకొనిపోయి, మనుష్యసంచారము లేని అటా ద్వీపమున పడిరి. తొలుత చేపలు, కొబ్బరికాయలు, పక్షిగ్రుడ్లు తినిరి. సముద్రపక్షుల రక్తము త్రాగిరి. పిదప ద్వీపశిఖరమున, 1863లో బానిసల వర్తకులు జనమును పట్టుకొనిపోయిన నాటినుండి పాడుపడిన ఊరిలో, చేమదుంపలు, అరటి, కోళ్లు వారికి దొరకినవి. ఇద్దరిద్దరు జట్టుగ తోటపని, వంటపని, కావలిపని వంతులు వేసికొనిరి. చెట్ల బోదెలను తొలిచి వానినీరు నిలువచేసిరి. జగడమాడినవారు వేర్వేరు వైపులకు పోయి, కోపము చల్లారిన పిదప తిరిగివచ్చెడివారు. ఒకడు కొండపై నుండి పడి కాలు విరుగగొట్టుకొనగా తక్కినవారు పుల్లలతో కట్టుకట్టి వాని పనియు తామే చేసిరి. పదునైదు నెలల పిదప, 1966లో, ఆస్ట్రేలియా నావికుడు పీటర్ వార్నర్ వారిని కనుగొనునప్పటికి ఆరుగురును సజీవులు. వారు రాజబెట్టిన నిప్పు ఆరలేదు. ఇటీవల చరిత్రకారుడు రట్గర్ బ్రెగ్‌మన్ ఈ వృత్తాంతమును గోల్డింగుపై ఎక్కుపెట్టి లోకప్రసిద్ధము చేసెను. మానవుడు స్వభావముచేత మంచివాడని ఆయన దీనినుండి తీసిన నిర్ణయము నాకు తొందరపాటుగ తోచును. నా దృష్టి వంతుల మీదనే యున్నది. దుంప దొరకిన నాడు దానిని ఎట్లు పంచుకొనవలెనో నిర్ణయింపనిచో ఆ ఆరుగురిలో ఎందరు మిగిలియుందురు?

ఇక కాలిన్స్ నవలకు వత్తును. నా వాదమంతయు అందులోని ఒక లెక్కపై నిలిచియున్నది. దానిని విమర్శకులు ఒక పంక్తిలో చెప్పి దాటిపోవుటయే నా చిరకాలపు ఫిర్యాదు. పానెమ్ దేశపు మండలములలో పన్నెండేండ్లు నిండిన ప్రతి బాలుని పేరును, బాలిక పేరును పిల్లలు ఒకరినొకరు చంపుకొను మృత్యుక్రీడల లాటరీలో ఏటేట ఒక చీటి చొప్పున చేరును. పాత చీట్లు పోవు, పదునెనిమిదవ యేట అవి ఏడగును. ఇంతవరకు అందరికి సమానమే. కాని పేదలు మరియొక చీటి వేయించుకొని, దానికి మారుగ ఒక మనిషికి ఏడాది పాటు చాలీచాలని ధాన్యమును, నూనెను పొందవచ్చును. ఇంటిలో నెందరుందురో అన్ని చీట్లు. కథానాయిక కాట్నిస్ తనకు, తల్లికి, చెల్లెలికి కలిపి ఏటేట మూడు చీట్లు అదనముగ వేయించెను. పన్నెండవ యేడు మొదలు పదునారవ యేటి వరకు ఐదేండ్లకు నాలుగేసి చొప్పున ఇరువది. ఐదుగురిని పోషించు గేల్‌కు ఏడేండ్లకు ఆరేసి చొప్పున నలువది రెండు. చెల్లెలు ప్రిమ్‌కు మాత్రము ఒకేయొక చీటి, అక్క రెండవదానిని వేయనీయలేదు గనుక. ఆ ఒక్క చీటియే పైకి వచ్చెను, చెల్లెలికి మారుగ కాట్నిస్ క్రీడలకు పోయెను.

తండ్రి బొగ్గుగని ప్రేలుడులో పోవునప్పటికి కాట్నిస్‌కు పదునొకండేండ్లు. ధాన్యమునకు పేరమ్ముకొను అర్హత పన్నెండేండ్లకు గాని రాదు. నడుమనున్న నెలలలో ఆ యిల్లు ఆకలితో మాడెను. మే నెల 8వ తేదీన పన్నెండు నిండగానే ఆ పిల్ల న్యాయభవనమునకు పోయి, పేరు వ్రాయించి, తొలివిడత ధాన్యమును, నూనెను చెల్లెలి ఆటబండిలో పెట్టుకొని ఇంటికి లాగుకొనిపోయెను. ఆటబండిలో తిండిగింజలు! ఈ నవలాత్రయములో చావులెన్నో కలవు. నాకు వానియన్నిటికంటె ఈ బండియే ఘోరముగ కనబడును. పేదవాడలలో చీట్లు ఎక్కువ పడుటచేత పట్టణములో పూటకు లోటు లేనివారిపై గనివాడల పిల్లలకు ద్వేషము పెరుగును. ఆ ద్వేషమే ప్రభువులకు కావలసినదని గేల్ గ్రహించును. ఇంత స్పష్టముగ గింజకును ప్రాణమునకును మారకపు ధర కట్టిన నవలను, మనుష్యునిలోని మృగమును గూర్చిన నవలయని ఎట్లు చదువుదురో నాకు బోధపడదు. కాలిన్స్ స్వయముగ తనకు మూలము థీసియస్ కథయని చెప్పినది. ఏథెన్సు నుండి ఏడుగురు బాలురను, ఏడుగురు కన్యలను క్రీటు రాజునకు కప్పముగ పంపుచుండిరన్న ఆ కథలో పిల్లలు తమకు తాము మృగములైనది లేదు. మృగమునకు మేతగ పంపబడిరి.

అయినను క్రీడారంగములో విల్లే కదా ఆమెను కాచినది, అని ప్రతిపక్షులందురు. విల్లు కాచిన మాట సత్యము. అయితే రంగములో ఆమె దినములు ఎట్లు గడచెనో ఒక్కొక్కటిగ వ్రాసికొని చూడుడు. తొలుత దాహము, పిదప నీటిమొక్కల దుంపలు, ఉచ్చుల కుందేళ్లు, కాలిన చర్మమునకు ఆకాశము నుండి దిగిన లేపనము, తోడి పోటీదారు పీటాకు త్రాగించిన పులుసు. ధాన్యాగారమువంటి పదునొకండవ మండలములో పుట్టియు పండిన పంటను నోట పెట్టుకొన్న కొరడాదెబ్బలు తిను రూ అను చిన్నపిల్ల, పక్షిమాంసములో ఒక కాలు మొత్తము తన కొక్కతెకే దొరకుట అదియే మొదటిసారి యనును. ఆమె మరణించిన పిదప ఆ మండలపు పేదలు, తమ పిల్ల కొరకు కూడబెట్టిన సొమ్ముతో, పరాయిపిల్లయైన కాట్నిస్‌కు రొట్టె పంపుదురు. తిరుగుబాటునకు బీజము ఆ రొట్టెలోనే పడెనని నేను చదువుకొంటిని. అంతకు ఏండ్ల ముందు, వానలో ఆకలితో కూలబడిన ఆమెకై పీటా కావలెనని రెండు రొట్టెలను మాడ్చి, తల్లిచేత దెబ్బ తినియు వానిని విసరకపోయినచో, విల్లు పట్టుటకు ఆమె మిగిలియుండెడిది కాదు.

మానవాతీతశక్తుల కథలలోను ఈ తిండిలెక్కయే కానవచ్చును. మైకేల్ గ్రాంట్ 2008లో వ్రాసిన ‘గాన్’లో పదునైదేండ్లు నిండినవారందరు ఒక్క క్షణములో మాయమగుదురు, మిగిలిన పిల్లలలో కొందరికి అరచేతుల నుండి వెలుగు చిమ్ము శక్తి మొదలగునవి అబ్బును. రెండవ సంపుటమునకు ‘హంగర్’ అనియే పేరు. అంగళ్లలోని పండ్లు కుళ్లిపోయినవి. పొలములో క్యాబేజీ యున్నది, కాని దాని మొదట మాంసము తిను పురుగులున్నవి. వెలుగు చిమ్ము వీరుని చేత పంట ఇంటికి రాదు. పనులు పురమాయించి కూలి లెక్క కట్టగల ఆల్బర్ట్ అను మాటలకరువు పిల్లవాడు ఊరికి ఆధారమగును. శక్తుల ప్రసక్తి లేని సూసన్ బెత్ ఫెఫర్ 2006 నాటి నవలలో చంద్రుడు గతి తప్పగా పెన్సిల్వేనియాలోని ఒక కుటుంబము పూటలు తగ్గించుకొనుచు పోవును. కడకు చిన్నకుమారునికి మాత్రము మధ్యాహ్నపు తిండి పెట్టి తక్కినవారు మానుదురు. ఈ నిర్ణయమును దినచర్యలో వ్రాయు ఆ కుటుంబపు బాలిక మిరాండా కన్న వీరనారి నాకు ఈ సాహిత్యములో కానరాదు.

ఇక మన తెలుగునకు వత్తును. దాసరి సుబ్రహ్మణ్యము ‘చందమామ’లో వ్రాసిన ‘తోకచుక్క’, ‘మకర దేవత’, ‘రాకాసిలోయ’ చదివి పెరిగిన తరమువారము మనము. మాంత్రికులను, రాక్షసులను దాటివచ్చు యువకులను మన బాలసాహిత్యము ఇంపుగ చూపినది. కరువును దాటివచ్చిన పిల్లలకు అంత చోటు ఈయలేదు. చోటీయదగిన కథ లేకపోలేదు. 1877 జనవరిలో, ధాత కరువున, ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డు టెంపిల్ మద్రాసు రాజధానిలో కరువుపనులకు వచ్చిన మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యపు వెలకు అర్ధణా కలిపి కూలియని నిర్ణయించెను. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల జనము బొమికలగూళ్లగుచుండగా, శరీరమునకు ఇది చాలదని ఆరోగ్యాధికారి కార్నిష్ పోరాడెను. పిదప కూలిని కొంత పెంచిరి. విలియం డిగ్బీ 1878లో ప్రకటించిన రెండు సంపుటములలో ఈ వాదప్రతివాదములు విపులముగ నున్నవి. ఒక పౌను చాలునా చాలదా యని దొరలు వ్రాసికొన్న ఆ లేఖలను చదువునపుడెల్ల నాకు ఆ ఆటబండి గుర్తువచ్చును.

ప్రస్తుతము నేను పూనుకొన్న పని ఇదియే. ధాత కరువు కాలపు కాగితములలో పిల్లలను గూర్చి యున్న ప్రతి ప్రస్తావనను ఏర్చి కూర్చుచున్నాను. దానికి ప్రక్కన, 1950 తరువాతి తొలియేండ్లలో రాయలసీమ కరువులో తెరచిన గంజికేంద్రముల వరుసలలో పిల్లలుగ నిలిచినవారి జ్ఞాపకములను చేర్చదలచితిని. వారు నేడు మిక్కిలి వృద్ధులు గనుక ఆలస్యము చేయుటకు వీలులేదు. బ్రతికియుంటే బలుసాకు తినవచ్చునను మాటను సామెతగ గాక దినచర్యగ ఎరిగినవారు వారు. నాకు వారి దుఃఖవర్ణన అవసరము లేదు. ఏ కొలతతో గంజి పోసిరి, ఇంటికి తెచ్చినపిమ్మట ఎవరు ముందు త్రాగిరి, ఎవరు కడపట త్రాగిరి, చింతగింజలను ఎట్లు వండిరి, ఏ ఆకును దూయుటకు ఎంతదూరము పోయిరి, పొరుగింటిపిల్లకు పెట్టిన నాడు తల్లి యేమనెను — ఇవి కావలెను. రేపు ఏ యువరచయిత్రియైనను మన నేలపై ఇట్టి నవలను తలపెట్టినచో ఆమెకు ఈ లెక్కలే ముడిసరకు కావలెనని నా ఆశ.

ఈ ధర్మనిధి వారు ఈ సంకలనపు ప్రచురణకు తోడ్పడవలెనని సంఘాధ్యక్షులను ఈ సభాముఖమున ప్రార్థించుచున్నాను. ఈ విషయములపై నా ప్రశ్నావళి ప్రతులు ద్వారము వద్దనున్న బల్లపై నున్నవి. మీ ఇండ్లలో తాతలు, అవ్వలు, మేనత్తలు ఎవరైన ఆ కేంద్రముల గంజి త్రాగినవారుండిన, ఒక్కొక్క ప్రతి తీసికొనిపోయి వారిచేత చెప్పించి వ్రాసి పంపుడు. వ్రాయ తీరిక లేనివారు ఊరి పేరు తెలిపిన చాలును, నేనే వచ్చి కూర్చుండి వ్రాసికొందును.