ఓడిన పక్షము - గద్దె దిగని అధ్యక్షుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభ యందలి ప్రసంగ పాఠము)



మధ్యంతర ఎన్నికలు అనగానే ఆంధ్రులకు 1955వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. 1954 నవంబరులో మద్యనిషేధ వివాదముపై ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో కూలిపోయెను. రాష్ట్రపతి పాలన వచ్చెను. 1955 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు జరుగగా 196 స్థానములలో కాంగ్రెసు కూటమికి 146, కమ్యూనిస్టులకు 15 దక్కినవి. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. అందుచేత మధ్యంతరమనగా ప్రభుత్వము నడుమ పడిపోవుట, గడువునకు ముందే ప్రజలు తిరిగి తీర్పు చెప్పుట అను అర్థమే తెలుగువారి మనస్సులలో స్థిరపడినది.

అమెరికాలో ఆ మాటకు అర్థము వేరు. అచ్చట సభలో వోటు వేసి ప్రభుత్వమును పడగొట్టు పద్ధతి లేదు. మహాపరాధము చేసిన అధ్యక్షుని విచారించి తొలగించుట వేరు సంగతి; సభలో బలము తగ్గినంత మాత్రమున అతడు దిగిపోనక్కరలేదు. అతని గడువు నాలుగేండ్లు. ప్రతినిధి సభవారి గడువు రెండేండ్లు. సెనేటరులకు ఆరేండ్లు, వారిలో మూడవవంతు మంది రెండేండ్లకొకసారి ఎన్నికకు నిలువవలెను. కావున అధ్యక్షుని పాలన సగములోనికి వచ్చునప్పటికి, పంచాంగములో పండుగ వలె, ఈ ఎన్నికలు తప్పక వచ్చును. నవంబరు మాసపు తొలి సోమవారము మరునాటి మంగళవారము అందులకు నియమితమైన దినము. అధ్యక్షుని ఎన్నికకు 1845లో ఈ దినమును నిర్ణయించినప్పుడు ఆ దేశమున అత్యధికులు సేద్యగాండ్రు. నవంబరునకు కోతలు ముగియును. ఆదివారము ప్రార్థనకు పోవలెను. గుఱ్ఱపుబండి మీద పట్టణము చేరుటకు సోమవారము కావలెను. రైతు వీలు చూచి పెట్టిన ముహూర్తమది. (కాంగ్రెసు అనునది అచ్చట పార్టీ పేరు కాదు. ప్రతినిధి సభను, సెనేటును కలిపి ఆ పేరుతో పిలుతురు. పార్టీలు ప్రధానముగా రెండే: డెమొక్రాట్లు, రిపబ్లికన్లు.)

ఈ నడిమి ఎన్నికలలో అధ్యక్షుని పక్షము నష్టపోవుట దాదాపు నియమమే. 1934 మొదలు 2022 వఱకు ఇట్టివి 23 జరిగినవి. వానిలో అధ్యక్షుని పక్షమువారు ప్రతినిధి సభలో స్థానములు పెంచుకొన్నవి మూడే: 1934, 1998, 2002. గెలిచి సంతుష్టుడైన వోటరు ఇంట కూర్చుండును; కోపము వచ్చినవాడు బయలుదేరును. అధ్యక్షుని దింపుటకు వీలులేదు గనుక, అతని పక్షమునకు కళ్లెము వేసి జనులు తృప్తిపడుదురు. ఆ వోటులో ఏమి వలదో కనబడును గాని ఏమి కావలెనో స్పష్టముగా కనబడదు. ఈ భేదమును మరచి గెలిచినవారే చిక్కులలో పడుట పలుమారులు జరిగినది. అందులకు 1946వ సంవత్సరపు ఎన్నికను మించిన ఉదాహరణము లేదు.

1945 ఏప్రిలులో రూజ్వెల్టు మరణింపగా ఉపాధ్యక్షుడు ట్రూమను అధ్యక్షుడయ్యెను. ఆగస్టులో యుద్ధము ముగిసెను. సైనికులు ఇండ్లకు తిరిగివచ్చిరి గాని వారికి ఇండ్లే చాలలేదు. రైళ్లలోను బొగ్గుగనులలోను సమ్మెలు చెలరేగెను. అన్నిటికంటె మాంసము కొఱత గృహిణులను మండించినది. ప్రభుత్వము ధర కట్టడి చేయగా పశువుల పెంపకందారులు పశువులను సంతకు తోలుట మానిరి, దుకాణములు వట్టివయ్యెను. అక్టోబరులో కట్టడి ఎత్తివేసిరి గాని అప్పటికే ఆలస్యమైనది. రిపబ్లికన్లు పెద్ద ప్రణాళికలేవియు చెప్పలేదు. "ఇక చాలునా?" అను భావముగల రెండు మాటలనే ఊరూర వినిపించిరి.

నవంబరు 5వ తేదీన ఫలితము వెలువడెను. ప్రతినిధి సభలో రిపబ్లికన్లు 246, డెమొక్రాట్లు 188. ఆనాటి 96 మంది సెనేటులో రిపబ్లికన్లు 51, డెమొక్రాట్లు 45. రెండు సభలును చేజారెను.

అప్పుడొక విచిత్రమైన సలహా వచ్చినది. ఫుల్‌బ్రైటు అను సెనేటరు, అతడు ట్రూమను పక్షమువాడే, అధ్యక్షుడు రాజీనామా చేయుట మేలనెను. అప్పుడు ఉపాధ్యక్షుడు లేడు. ఆనాటి శాసనము ప్రకారము అధ్యక్షుని తరువాత విదేశాంగమంత్రి ఆ పీఠమెక్కును. కావున రిపబ్లికను నాయకుడైన వాండెన్‌బర్గును విదేశాంగమంత్రిగా నియమించి ట్రూమను తప్పుకొనవలెనని అతని భావము. ఫుల్‌బ్రైటు ఆక్సుఫర్డులో చదివినవాడు. బ్రిటిషు పద్ధతి ప్రకారము ఆ మాట సహజమే. 1954లో కర్నూలున జరిగినదియు అదియే కదా! సభలో బలము పోయినవాడు దిగవలెను. కాని ట్రూమను ఒప్పుకొనలేదు. నాలుగేండ్ల పాలన రాజ్యాంగము ఇచ్చినది. రెండేండ్లకే విడుచుట అతనికి సమ్మతము కాలేదు.

ఇక రెండేండ్లపాటు ఓడినవాడును గెలిచినవారును ఒకే ఇంట కాపురము చేయవలసివచ్చెను. లోపలి వ్యవహారములలో ఆ కాపురము కలహమయమే. కార్మిక సంఘముల శక్తిని తగ్గించు టాఫ్ట్-హార్ట్‌లీ శాసనమును ట్రూమను తిరస్కరింపగా, 1947 జూనులో రెండు సభలును మూడింట రెండువంతుల ఆధిక్యముతో దానిని మరల నెగ్గించెను. విదేశ వ్యవహారములలో కథ వేరుగా నడచినది. ఏ వాండెన్‌బర్గునకు గద్దె అప్పగింపుమనిరో ఆతడే సెనేటు విదేశ వ్యవహారముల సంఘమునకు అధ్యక్షుడై ట్రూమనుకు తోడునిలిచెను. యుద్ధముచే పాడై తిండిలేక కుములుచున్న పశ్చిమ ఐరోపాకు సాయము చేయు పథకమునకు ట్రూమను తన పేరు పెట్టనీయలేదు. తన పేరున్నచో ప్రతిపక్ష సభలు సాగనీయవని అతడెరుగును. అది మార్షలు పథకమని ప్రసిద్ధి కెక్కినది. 1948 ఏప్రిలులో శాసనమైనది. సుమారు 1300 కోట్ల డాలర్లు అందు వ్యయమైనవి. ఓడిన అధ్యక్షుడు, గెలిచిన ప్రతిపక్షము కలిసి చేసిన కార్యమిది.

1948 జూలైలో ట్రూమను ఒక ఎత్తు వేసెను. అతని స్వరాష్ట్రమైన మిస్సోరీలో టర్నిపు దుంపలు విత్తు దినము జూలై 25. ఆ సంవత్సరము అది ఆదివారము. అందుచేత మరునాడు రెండు సభలను ప్రత్యేకముగా పిలిచి, ఎన్నికల వాగ్దానములను నెరవేర్చుడని రిపబ్లికన్లను సవాలు చేసెను. పదునొకండు రోజులు కూర్చుండి వారు చేసినది స్వల్పము. వారు 1946 వోటును రూజ్వెల్టు సంస్కరణలన్నిటిపై తీర్పుగా చదువుకొన్నారు. జనులు అడిగినది మాంసము, ఇల్లు, ధరల నిలుకడ. ట్రూమను రైలెక్కి ఊరూర ఈ సంగతియే చెప్పుకొనెను. నవంబరులో అతడు డ్యూయీపై గెలిచెను. ప్రతినిధి సభ 263-171గా, సెనేటు 54-42గా తిరుగబడెను. డ్యూయీ గెలిచెనని ముందే అచ్చువేసిన చికాగో పత్రికను ట్రూమను నవ్వుచు చేతబట్టి చూపిన ఛాయాచిత్రము లోకప్రసిద్ధము.

తరువాతి కాలమునను ఇట్టి మలుపులు కలవు. 1994లో రిపబ్లికన్లు 40 ఏండ్ల పిమ్మట ప్రతినిధి సభను గెలిచిరి. 2010లో 63 స్థానములు అధికముగా సంపాదించిరి. అయినను 1996లో క్లింటను, 2012లో ఒబామా తిరిగి ఎన్నికైరి. 2018లో తన పక్షము ప్రతినిధి సభను కోల్పోయిన ట్రంపు మాత్రము 2020లో తానును ఓడెను. ఈ ఫలితములను చూచి జోస్యము చెప్పుట జ్యోతిష్కులకే విడిచిపెట్టదగును.

ఎక్కడనో ఎవరికి ఎన్ని స్థానములు వచ్చిన ఈ ఊరికేమి అని అడుగవచ్చును. 1950 మధ్యంతర ఎన్నికలలో ట్రూమను పక్షము ప్రతినిధి సభలో 28 స్థానములను కోల్పోయెను; ఆధిక్యము మాత్రము పలుచబడి మిగిలెను. 1951 ఫిబ్రవరిలో అతడు భారతదేశమునకు 20 లక్షల టన్నుల ధాన్యము దానముగా ఈయవలెనని కాంగ్రెసును కోరెను. కొరియా యుద్ధ విషయమున నెహ్రూగారి తటస్థనీతి నచ్చని సభ్యులు అనేకులు అడ్డుపడిరి. నాలుగు మాసములు తర్జనభర్జనలైన తరువాత, జూనులో 19 కోట్ల డాలర్ల అప్పుగా మార్చి దానిని అంగీకరించిరి. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనే ఉన్నవి. జనులు రేషను దుకాణముల ముందు వరుసలలో నిలుచుండిరి.