దూరము కొలుచు లేజరు సాధనము – ఎన్నుకొను విధము

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



బావి నుండి చేను చివరకు పైపులు వేయవలెనన్నను, చేని చుట్టు కంచె తీగ లాగవలెనన్నను, ముందుగా కావలసినది దూరపు లెక్క. ఇంతకాలము మనము అడుగులు వేసియో, తాడు పట్టియో, గొలుసు లాగియో కొలుచుకొంటిమి. ఇప్పుడు కంటికి ఆనించి మీట నొక్కినంతనే దూరము చూపు లేజరు సాధనములు బజారులో దొరకుచున్నవి. వీటిని రేంజి ఫైండర్లు అందురు. ఇవి కొనదగినవేనా, కొన్నచో ఏ రకము కొనవలెను అని మీలో పలువురు అడుగుచున్నారు. ఆ సంగతియే నేడు మనవి చేయుదును.

ఒక మాట మొదటనే చెప్పవలెను. ఈ సాధనములలో పెక్కు రైతు కొరకు చేసినవి కావు. అమెరికా వంటి దేశములలో దూరము నుండి లేడిని కొట్టు వేటగాండ్ర కొరకును, గోల్ఫ్ ఆటగాండ్ర కొరకును చేసినవి. వేటగాని అవసరము వేరు, మన అవసరము వేరు. ఆ తేడా తెలిసి కొన్నవానికి ఇది మంచి పనిముట్టు. తెలియక కొన్నవానిచే ఇది తప్పు లెక్క వేయించును.

ఇది పని చేయు విధము

1960లో అమెరికాలో థియోడర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు మొదటి లేజరును వెలిగించెను. ఆ వెలుగుతో దూరము కొలుచుట త్వరలోనే సైనికులకు అలవడి, పిమ్మట వేటగాండ్ర చేతికి వచ్చినది. మీట నొక్కగనే సాధనము కంటికి కనబడని వెలుగు తునకలను పంపును. అవి ఎదుటి వస్తువునకు తగిలి తిరిగి వచ్చును. పోయి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తేలును. వెలుగు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, 150 మీటర్ల దూరము పోయి వచ్చుటకు సెకనులో 10 లక్షలవ వంతు చాలును. ఒక మీటరు తేడాను పట్టవలెనన్నచో సెకనులో 15 కోట్లవ వంతును గుర్తింపవలెను. కనుక చాల రకములలో ఒక మీటరు అటునిటు తేడా ఉండుటలో వింత లేదు.

వేటగానికి ఎందుకు కావలెను?

తుపాకి గుండు తిన్నగా పోవుచున్నట్లు తోచును గాని, గొట్టము విడిచిన క్షణము నుండి అదియు రాయి వలెనే క్రిందికి పడుచుండును. అర సెకనులో 1.2 మీటర్లు దిగును. దూరము తప్పుగా ఎంచినచో గుండు గురి తప్పును, లేదా జంతువు గాయపడి పొదలలో బాధపడి చచ్చును. అందుకే అక్కడి మంచి వేటగాడు దూరము కొలువక కాల్చడు. మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వేట నిషేధము. పంటపై పడు అడవిపందుల విషయమునను అధికారుల అనుమతి లేనిదే ఏమియు చేయరాదు. ఈ సాధనము చేత నున్నంత మాత్రమున ఆ అనుమతి వచ్చినట్లు కాదు.

పెట్టెపై అంకెను నమ్మి కొనరాదు

పెట్టెపై 1000 గజములు అని పెద్ద అక్షరములతో వ్రాసి యుండును. మన లెక్కలో అది 914 మీటర్లు. ఆ అంకె సాధారణముగా వెలుగును బాగుగా తిప్పి పంపు మెరుపు పలకకు చెందినది. అదే సాధనము చెట్టును, లేడిని అంత దూరము నుండి కొలువలేదు. సగము దూరమునకే ఆగిపోవుట సామాన్యము. మంచి తయారీదారులు మెరుపు పలకకు, చెట్టునకు, జంతువునకు వేర్వేరు అంకెలు ఇత్తురు. మీరు చెట్టునకు ఇచ్చిన అంకెను చూడుడు. అట్టి అంకె లేనిచో పెట్టెపై అంకెలో సగమునే లెక్కకు తీసికొనుడు. మీకు 300 మీటర్లు చాలునన్నచో, చెట్టును 500 మీటర్ల వరకు కొలువగలది తీసికొనిన ఎండలోను, మంచులోను ఇబ్బంది పడరు. మిట్టమధ్యాహ్నపు ఎండ, దుమ్ము, పొగమంచు, ఈ మూడును దీని శక్తిని తగ్గించును.

కిరణము దారము వంటిది కాదు

ఈ కిరణము పోయిన కొలది వెడల్పగును. 1000 మీటర్లకు 2 మీటర్లు వెడల్పగు కిరణము 250 మీటర్లకు అర మీటరగును. దీనివలన నాకు కలిగిన అనుభవము చెప్పెదను.

ఒక మామిడి తోటలో బావి నుండి మూలరాయి వరకు పైపుల కొరకు కొలిచితిని. సాధనము 262 మీటర్లు చూపినది. ఒక్కసారే కొలిచి చీటీ వ్రాసి ఇచ్చితిని. పైపులు వేయగా 240 మీటర్లకే రాయి వచ్చినది. జానెడు రాయిని దాటి కిరణము గట్టు ఆవలి తాటిచెట్లకు తగిలినదని అప్పుడు తెలిసినది. నాలుగు పైపులు మిగిలినవి. దుకాణదారు వెనుకకు తీసికొనలేదు. ఆ రైతు నన్నేమియు అనలేదు గాని, "అయ్యా, తాటిచెట్లకు కూడ నీరు పెట్టుదమా?" అని అడిగెను. ఆ ప్రశ్న నేను మరువలేదు.

అది మొదలు నేను రెండు నియమములు పాటించుచున్నాను. కొలువవలసిన చోట మీటరు వెడల్పు గల తెల్లని పలకనో, కఱ్ఱకు కట్టిన గోనెపట్టానో నిలిపి కొలుతును. మూడుసార్లు కొలిచి మూడును సరిపోయిననే వ్రాసికొందును. మీరును అట్లే చేయుడు. చేతి వణకు తగలకుండ సాధనమును గుంజపై ఆనించి పట్టుట మంచిది.

వేటగాండ్ర రకములలో దగ్గరి వస్తువును విడిచి దూరపు దానిని కొలుచు ఏర్పాటు ఉండును. పొదల వెనుక నున్న జంతువు కొరకు చేసినదది. చేనికి అడ్డముగా జొన్న, కంది పెరిగి యున్నప్పుడు మనకును పనికి వచ్చును. గోల్ఫ్ రకములు సామాన్యముగా దగ్గరి వస్తువునే ఎన్నుకొనును. రెండు ఏర్పాట్లును మార్చుకొను వీలున్నది కొనుట మేలు.

ఏటవాలు నేలలో ఏ అంకె తీసికొనవలెను?

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. కొండవాలులో కాల్చువానికి గుండు ఎంత దిగునో తెలియుటకు అడ్డముగా ఉండు దూరము కావలెను. కనుక వేటగాండ్ర సాధనము వాలును కొలిచి, వాలు దూరమును తగ్గించి చూపును. పైపు వేయు రైతునకు కావలసినది వాలు వెంబడి దూరమే.

ఉదాహరణము చూడుడు. బావి నుండి మెట్టపై తొట్టి వరకు 15 డిగ్రీల వాలులో 200 మీటర్లున్నది. వేటగాని లెక్కలో సాధనము 193 మీటర్లు చూపును. ఆ అంకెతో పైపులు కొన్నచో 7 మీటర్లు తక్కువ పడును. 6 మీటర్ల పైపు ఒకటి వేసినను చాలదు. అదే కంచెకును వర్తించును. చేని విస్తీర్ణము కట్టునప్పుడు మాత్రము 193 అను అడ్డపు దూరమే సరియైనది.

ఇక ఎత్తు సంగతి. ఆ తొట్టి బావిగట్టు కంటె 52 మీటర్ల ఎత్తున నున్నది. మోటారు హెడ్ లెక్కకు ఇది ప్రాణము. దీనికి బావిలో నీటి లోతును, పైపులలో రాపిడి నష్టమును కలిపి మోటారు ఎన్నుకొనవలెను. వాలు కొలతలో ఒక డిగ్రీ తప్పినను 200 మీటర్లకు మూడున్నర మీటర్ల ఎత్తు తేడా వచ్చును గనుక కొంత ఎక్కువ చూచుకొనుడు. కాబట్టి వాలు దూరము, అడ్డపు దూరము, వాలు డిగ్రీలు, ఈ మూడును చూపు సాధనమే రైతునకు తగినది. తుపాకి గుండు లెక్కలు వేసి చూపు హెచ్చు ధర రకములు మనకు అక్కరలేదు.

హద్దు తగాదాకు ఇది సాక్షి కాదు

చదరముగా నున్న ఎకరపు చేనికి ఒక్కొక్క ప్రక్క సుమారు 63.6 మీటర్లుండును. ప్రతి ప్రక్కను ఒక మీటరు ఎక్కువ చూపినచో విస్తీర్ణములో మూడు సెంట్లకు పైగా, అనగా సుమారు గుంటంబావు తేడా వచ్చును. అన్నదమ్ముల నడుమ తగాదాకు అంత నేల చాలును. కనుక హద్దులకు, పంపకములకు సర్వేయరు కొలతయే ప్రమాణము. 0.1 మీటరు వరకు అంకె చూపుచున్నదని మోసపోకుడు. అంకె చూపుట వేరు, నిజముగా అంత ఖచ్చితముగా కొలుచుట వేరు.

ఇండ్లు కట్టువారు వాడు ఎఱ్ఱచుక్క లేజరు ఇంకొక రకము. అది మిల్లీమీటర్ల వరకు కొలుచును గాని, పొలములో ఎండకు ఆ చుక్క కానరాదు.

కొనుటకు ముందు పరీక్ష

1. టేపుతో 50, 100, 200 మీటర్ల చోట్ల గుర్తులు పెట్టుడు. ఒక్కొక్క దానిని పదిసార్లు కొలువుడు. ఎన్నిసార్లు అంకె వచ్చినది, ఎంత తేడా వచ్చినది వ్రాయుడు.

2. పలకను, చెట్టును, మట్టిగట్టును వేర్వేరుగా కొలువుడు. మధ్యాహ్నము ఒకసారి, సాయంకాలము ఒకసారి చూడుడు.

3. గజములలో నుండి మీటర్లకు మార్చు వీలున్నదా చూడుడు. గజములను మీటర్లని భ్రమపడినచో నూటికి దాదాపు తొమ్మిది తేడా వచ్చును.

4. బ్యాటరీ మీ ఊరిలో దొరకునా, లేక ఫోను వలె చార్జి చేయవచ్చునా విచారింపుడు.

5. ఐ.పి.ఎక్స్. 4 గుర్తు చిందు నీటికి మాత్రమే ఆగును. 7 గుర్తు గలది మీటరు లోతు నీటిలో అరగంట పడినను ఆగును.

బావిలో నీటి మట్టమునకు దీనిని వాడకుడు. నీరు వెలుగును సరిగా తిప్పి పంపదు. దానికి తాడే మేలు. మనుష్యుల, పశువుల కన్నులకు గురిపెట్టరాదు. దీని అద్దము గుండ సూర్యుని చూడరాదు, చూపు పోవును.

రెండు మూడెకరముల చదునైన చేను గలవారికి 100 మీటర్ల టేపు చాలును. ఇది లేదని చింతింపవలదు. తోటలు, మెట్టలు, దూరపు పైపు దారులు గలవారు నలుగురు కలిసి ఒకటి కొనుట ఉచితము. కొన్న తరువాత కూడ టేపును పారవేయకుడు. ఏడాదికొకసారి రెంటిని సరిపోల్చి చూచుకొనుడు. పైపుల చీటీ వ్రాయుటకు ముందు మాత్రము, నేను కొలిచినది రాయినా, తాటిచెట్టునా అని ఒకసారి ప్రశ్నించుకొనుడు.