శిథిలాలకు టికెట్ ఉంది, మన గూడేనికి పట్టా ఏది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కొండవీడు కొండ కింద ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటల పాఠం)



చెంచు గూడేల నుంచి, సుగాలి తండాల నుంచి, యానాది, ఎరుకల కాలనీల నుంచి వచ్చారు. పైన కోట ఉంది. ఘాట్ రోడ్డు పడ్డాక ఆదివారం వస్తే కార్లే కార్లు. రెడ్డి రాజులు ఏలిన కోట, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న కోట, 1515లో కృష్ణదేవరాయలు గెలిచిన కోట. ఇవన్నీ మీరు బడిలో చదువుకున్నవే. నేను ఇవాళ రాజుల గురించి చెప్పను. కోట చూడటానికి వచ్చేవాళ్ల గురించి, వాళ్లు చూసే చూపు గురించి చెప్తాను. ఆ చూపు కోట దగ్గర ఆగడం లేదు, మన గూడెం దాకా వస్తోంది.

మన జిల్లాలోనే మొదలుపెడదాం. మాచర్ల అవతల విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే సుమారు 11 కిలోమీటర్లు నీళ్ల మీద వెళ్లి నాగార్జునకొండ దీవిలో దిగుతారు. అక్కడ మ్యూజియం ఉంది, బౌద్ధ స్తూపాలున్నాయి. 1926లో ఈ లోయలో శిథిలాల సంగతి బయటి లోకానికి తెలిసింది. ఇది మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కి పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొండ మీదికి తెచ్చి మళ్లీ కట్టారు. కొన్నింటికి ఒడ్డున అనుపు దగ్గర నమూనాలు కట్టారు. 1966లో దీవి మీద మ్యూజియం తెరిచారు.

అది మంచి పనే. నేను తప్పు పట్టడం లేదు. కానీ ఒక్క మాట ఆలోచించండి. మునిగిపోయే రాయికి ఎంత శ్రద్ధ చేశారు! అది ఎక్కడ ఉండేదో కొలిచారు, బొమ్మ గీశారు, తీసుకెళ్లి అదే వరసలో పెట్టారు. ఈ దేశంలో డ్యామ్ కింద ఊరు పోయిన ఆదివాసీ కుటుంబానికి ఎప్పుడైనా అంత శ్రద్ధ దొరికిందా? ఎవరి పక్కన ఎవరి ఇల్లు ఉండేదో, దేవత ఏ చెట్టు కింద ఉండేదో, తేనె ఏ కొండకి దొరికేదో ఎవరైనా కొలిచి రాసుకున్నారా? రాయికి దొరికిన పునరావాసం మనిషికి దొరకలేదు.

ఇంకో సంగతి. ఆ లోయ కథ ఇక్ష్వాకులతో మొదలు కాలేదు. అదే తవ్వకాల్లో పాత రాతియుగం పనిముట్ల నుంచి పెద్ద బండలు పేర్చిన సమాధుల దాకా దొరికాయి. అంటే రాజు రాకముందు వేల ఏళ్లుగా అక్కడ జనం వేటాడారు, పశువులు కాశారు, చచ్చినవాళ్లని గౌరవంగా పూడ్చుకున్నారు. యాత్రికుడు మాత్రం లాంచీ దిగి రాజు పేరు విని, ఫోటో తీసుకుని వెళ్తాడు. ఒడ్డున కనిపించే నల్లమల కొండల్లో ఇప్పటికీ చెంచులు బతుకుతున్నారన్న సంగతి ఆ కథలో ఎక్కడా రాదు.

కథలో రాకపోవడం ఒక బాధ. కథలో వస్తువుగా రావడం ఇంకో బాధ. దానికి పాపికొండలకు వెళ్దాం.

గోదావరి మీద పాపికొండల బోటు ఎక్కినవాళ్లు పేరంటపల్లి దగ్గర దిగుతారు. అక్కడ గుడి ఉంది, పక్కన కొండరెడ్ల ఊరు. కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, బొమ్మలు అమ్ముతారు. బోటు ఆగేది కాసేపే. ఆ కాసేపట్లోనే బేరం, ఆ కాసేపట్లోనే సెల్ఫీ, ఆ కాసేపట్లోనే "పాపం, అమాయకులు" అన్న మాట. బోటు టికెట్ డబ్బు బోటు యజమానికి, భోజనం డబ్బు వంటవాళ్లకి. చూడటానికి వచ్చిన కొండ ఎవరిదో, ఆ ఊరివాళ్లకి మిగిలేది వెదురు బొమ్మ ధర.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు. వాళ్లు ఎట్లా బతికారు? ప్రభుత్వ బోటు వచ్చేలోపే కచ్చులూరు ఊరివాళ్లు తమ చిన్న పడవలేసుకుని వరదలోకి వెళ్లి లాగారు. నది సుడి ఎక్కడ తిరుగుతుందో వాళ్లకి తెలుసు. అప్పటిదాకా ఒడ్డున బొమ్మల్లా కనిపించినవాళ్లే ఆ రోజు ప్రాణం పోశారు. "అమాయకులు" అన్న మాట అక్కడే అబద్ధమైపోయింది. ఆ నది గురించి ఆ బోటులో ఉన్న అందరికంటే ఎక్కువ తెలిసింది వాళ్లకే.

మరి వాళ్లకి దక్కిందేమిటి? దేవీపట్నం మండలం పోలవరం ముంపులో ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుని ఇంటికి వెళ్లారు. ఫోటోలో ఉన్నవాళ్లు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఇది మన దగ్గరే కాదు. సముద్రం అవతల మెక్సికో, బెలీజ్ తీరాలకి పెద్ద పెద్ద క్రూజ్ ఓడలు వస్తాయి. ఒక్కో ఓడలో వేల మంది. ఓడ రేవులో ఆగే ఆ కొద్ది గంటల్లో ఒడ్డు యాత్ర అని టికెట్ అమ్ముతారు. బస్సెక్కించి మాయా జాతి శిథిలాలకు తీసుకెళ్తారు. మెక్సికోలో చాచోబెన్, బెలీజ్‌లో ఆల్టున్ హా. పిరమిడ్ చూశాక కొన్ని యాత్రల్లో ఒక ఊరికి కూడా తీసుకెళ్తారు. అక్కడ అమ్మలు మొక్కజొన్న రొట్టె చేసి చూపిస్తారు. సాయంత్రానికి ఓడ కదిలిపోతుంది. యాత్రికుల ప్రకటనల్లో ఎక్కువగా వినిపించే మాట ఏమిటో తెలుసా? "మాయమైపోయిన మాయా నాగరికత."

ఎవరు మాయమయ్యారు? రొట్టె చేసి పెట్టిన అమ్మ మాయా మనిషే కదా! మెక్సికోలో, గ్వాటెమాలాలో, బెలీజ్‌లో, హోండురాస్‌లో ఇవాళ కూడా లక్షల మంది మాయా జనం తమ భాషలు మాట్లాడుతున్నారు. 1992లో నోబెల్ శాంతి బహుమతి పొందిన రిగోబెర్టా మెంచూ గ్వాటెమాలా మాయా ఆడబిడ్డ. నాగరికత మాయమైందని చెప్పడంలో ఒక లాభం ఉంది. మనుషులే లేకపోతే భూమి ఎవరిదన్న ప్రశ్న రాదు.

బెలీజ్ దక్షిణాన టొలీడో జిల్లా ఉంది. అక్కడి మాయా ఊళ్లవాళ్లు ఏం చేశారో జాగ్రత్తగా వినండి, మనకి పనికొచ్చేది అదే. వాళ్ల అడవిని ప్రభుత్వం కలప కంపెనీలకు లీజుకిచ్చింది. వాళ్ల దగ్గర పట్టా కాగితం లేదు. అప్పుడు ఊళ్లవాళ్లే కూర్చుని పటాలు గీసుకున్నారు. మన వాగు ఇది, వేట దారి ఇది, పోడు ఇక్కడ, పూజ ఇక్కడ అని గీసి 1997లో పుస్తకంగా తెచ్చారు. తర్వాత కోర్టుకెళ్లారు. 2007లో అక్కడి సుప్రీంకోర్టు సాంటా క్రూజ్, కొనెహో అనే రెండు ఊళ్లకు ఆచారం ప్రకారం వచ్చిన భూమి హక్కు రాజ్యాంగం కాపాడే ఆస్తి హక్కేనని చెప్పింది. 2015లో కరీబియన్ న్యాయస్థానం ఆ హక్కు టొలీడోలోని మాయా ఊళ్లన్నిటికీ ఉందని ఖాయం చేసింది. అన్నీ కలిపి 38 ఊళ్లు. అమలు నత్తనడకే, పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. కానీ కాగితం లేదన్న సాకుని వాళ్లు ఓడించారు. పిరమిడ్ కట్టిన రాజు పేరు చెప్పి గెలవలేదు. ఊరి ఆచారం చెప్పి, తాతల దారులు చూపించి గెలిచారు.

ఇక మనదేశంలోనే ఈ చూపు ఎంత దూరం పోగలదో చెప్పడానికి అండమాన్ చాలు. జారవాల అడవి మధ్య నుంచి వేసిన రోడ్డు మీద యాత్రికుల బండ్లు వెళ్తూ, జంతువుల్ని చూసినట్టు మనుషుల్ని చూశాయి. 2012లో జారవా ఆడవాళ్ల చేత నాట్యం చేయిస్తున్న వీడియో బయటికొచ్చి ప్రపంచమంతా ఛీ కొట్టింది. అప్పుడుగానీ చట్టాన్ని గట్టి చేయలేదు.

చూసేవాడి పేరు మారుతుంది, చూపు మారదు. 1871లో తెల్లవాడు నేరస్థ తెగల చట్టం తెచ్చాడు. మన ఎరుకల తాతల్ని పుట్టుకతోనే దొంగలన్నాడు, బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించాడు. ఏళ్ల తరబడి అదే. అప్పుడు భయంతో చూశారు, ఇప్పుడు వింతగా చూస్తున్నారు. రెండుసార్లూ మనల్ని అడిగింది లేదు.

ఇప్పుడు మన పల్నాడు సంగతి. ఇక్కడ మనకొక ఇబ్బంది ఉంది. మన జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేదు. అందుకని 1/70 చట్టం ఇక్కడ పనిచేయదు, పీసా కూడా పనిచేయదు. అరకు, రంపచోడవరం అన్నలు చూపించే ఆయుధాలు రెండూ మన చేతిలో లేవు. చాలామంది ఇక్కడే నిరాశపడి ఆగిపోతారు. ఆగొద్దు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్ ప్రాంతం అన్న షరతు లేదు. అది బొల్లాపల్లిలోనూ చెల్లుతుంది, వెల్దుర్తిలోనూ చెల్లుతుంది, టైగర్ రిజర్వ్ అంచునా చెల్లుతుంది. వ్యక్తిగత సాగు పట్టా ఒక్కటే ఆ చట్టం కాదు. తేనె, బంక, దుంపలు, చేపలు, మేత, నీళ్లు, వీటి మీద ఊరందరికీ కలిపి సామూహిక హక్కు ఉంది. మన సంప్రదాయ జ్ఞానం మీద కూడా మనకే హక్కుందని సెక్షన్ 3 చెప్తోంది.

ఆ చట్టం నియమాల్లో 13వ నియమం చదవండి. దీన్ని ఫోన్‌లో పెట్టుకోండి. హక్కుకి సాక్ష్యంగా ఏవేవి చూపించవచ్చో అందులో రాసి ఉంది. పెద్దవాళ్లు చెప్పిన మాట రాసిన కాగితం సాక్ష్యం. దుంపలు తవ్వే చోటు, చేపలు పట్టే చోటు సాక్ష్యం. పూజించే చెట్టు, కుంట సాక్ష్యం. పూడ్చిపెట్టిన చోటు సాక్ష్యం. మన జనం కట్టుకున్న పాత కట్టడాల మిగులు కూడా సాక్ష్యమే! వీటిలో ఒక్కటి కాదు, ఒకటికంటే ఎక్కువ చూపించాలి, అంతే.

అర్థమైందా? కోట గోడ పడిపోతే టికెట్ పెట్టి చూపిస్తారు. మన తాతల పాడుబడ్డ గూడెం, రాళ్లు పేర్చిన పొయ్యి, మూసుకుపోయిన చెలమ, వాటికి టికెట్ లేదు కానీ చట్టంలో చోటుంది. మన శిథిలాలు మన హక్కుపత్రాలు. వాటిని రాసిపెట్టకపోతే పదేళ్లలో చెప్పే పెద్దవాళ్లు ఉండరు.

అందుకని మీకు పని చెప్తున్నాను. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, నాలుగు పనులు.

మొదటిది, పటం గీయండి. మీ గూడెం పెద్దవాళ్లని వెంటబెట్టుకుని నడవండి. ప్రతి వాగుకి, బండకి, దేవర చోటుకి మన పేరు ఏదో అడిగి రాయండి. వాళ్ల మాట రికార్డ్ చేయండి, తర్వాత కాగితం మీద పెట్టి వేలిముద్రో సంతకమో తీసుకోండి.

రెండోది, గ్రామసభలో అడగండి. సామూహిక హక్కుల క్లెయిమ్ ఫారం అడిగి తీసుకోండి, నింపి ఇవ్వండి, రసీదు లేకుండా కదలొద్దు. శ్రీశైలం ఐటీడీఏ చెంచుల కోసమే ఉంది, అక్కడా కాపీ ఇవ్వండి. ఆధార్, కుల ధ్రువపత్రం లేని యానాది కుటుంబాలకు చదువుకున్న పిల్లలు తోడు వెళ్లండి.

మూడోది, మీ ఊరికి టూర్ బండి వస్తానంటే ఐదు ప్రశ్నలు అడగండి. ఎవరిని అడిగి వస్తున్నారు? డబ్బు ఎవరికి ఎంత? పిల్లల ఫోటో తీస్తే వాళ్ల అమ్మ ఒప్పుకుందా? ఊరి కథ ఎవరు చెప్తారు, మనమా, బయటి గైడా? వద్దు అంటే ఆగుతారా? ఐదో ప్రశ్నకి జవాబు లేకపోతే మిగతా నాలుగు అడగక్కర్లేదు. వచ్చేవాళ్లందరూ శత్రువులు కారు. చుట్టంలా వస్తే మంచినీళ్లిస్తాం. కానీ చుట్టం అడిగి వస్తాడు, గడప దగ్గర ఆగుతాడు.

నాలుగోది, పైన కోటకి మీరే వెళ్లండి. కొండ మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు ఉన్నాయి. కోట ఏలిన రాజుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ చెరువులకు మట్టి మోసినవాళ్ల పేర్లు, రాయి ఎత్తినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఊరి చరిత్రల్ని కైఫియత్తులుగా రాసినవాళ్లు కరణాలు. కరణం తనకు కావలసింది రాసుకున్నాడు. ఇప్పుడు మీ చేతిలో కలం ఉంది, ఫోన్ ఉంది. మన కథని మనం రాయకపోతే మళ్లీ ఎవడో వచ్చి "ఒకప్పుడు ఇక్కడ చెంచులుండేవాళ్లు" అని బోర్డు పెడతాడు. మనం ఉండగానే పెడతాడు.

మాయా అమ్మ మాయం కాలేదు. కచ్చులూరు అన్న అమాయకుడు కాదు. మనం చూపించే వస్తువులం కాదు, ఈ నేలకి హక్కుదారులం.

వచ్చే గ్రామసభకి ఎన్ని గూడేల నుంచి పటాలు వస్తాయో ఇవాళే లెక్క పెట్టుకుని లేద్దాం. ఏ గూడెం బాధ్యత ఎవరిదో పేర్లు చెప్పండి, రాసుకుంటాం.

జల్, జంగల్, జమీన్ మనది. జోహార్.