మంచె మీదికి మూట

ఉదయగిరి దుర్గము క్రింది మెట్టచేలలో వేరుసెనగకు ఊడలు దిగి కాయ ఊరుట మొదలైన నాటినుండి రైతునకు రాత్రులందు నిద్ర ఉండదు. వెలిగొండ చరియలనుండి అడవిపందులు గుంపులుగా దిగును. ఒక్క రాత్రి ఏమరుపాటు చాలును; తెల్లవారి చూచువారికి అది చేనో, దున్నిన దుక్కియో తెలియదు. మంచె యనగానే చదువుకొన్నవారికి ఒడిసెల త్రిప్పుచు పిట్టలను తోలు పల్లెపడుచు జ్ఞప్తికి వచ్చును. అది పగటి మంచె. మేము చెప్పబోవునది రాత్రి మంచెను గురించి; నిజము చెప్పవలెనన్న మంచెను గురించియు కాదు, మంచె ఎక్కువాడు వెంట గొనిపోవు మూటను గురించి.

మూటను గురించి చెప్పుటకేమున్నదని మీరనుకొనవచ్చును. మేమును చాలకాలము అట్లే యనుకొంటిమి.

మా ఎరుకలోని యువకుడొకడు ఒక అమావాస్య రాత్రి భోజనమైన పిమ్మట, చేని గట్టున నున్న వేపచెట్టు మీది మంచెకు బయలుదేరెను. గోనెసంచిలో టార్చిలైటు, సెల్‌ఫోను, సద్దిడబ్బా, నీళ్ళసీసా వేసి, వాని మీద కంబళి కుక్కి, సంచిని ఒక భుజమునకు తగిలించుకొని, కొడవలి చేతబట్టి చెట్టెక్కెను. సగము దూరము ఎక్కిన తరువాత కాలు మోపవలసిన కొమ్మ కనబడలేదు. లైటు కొరకు ఒక చేత సంచి తడవెను. లైటు అడుగున నున్నది. కంబళి లాగబోయి పట్టు తప్పి రెండు నిలువుల ఎత్తునుండి పడెను. కొడవలి వాని ప్రక్కనే, జానెడు దూరమున పడినది. తుంటియెముక విరిగినది. సంచి మాత్రము కొమ్మకు తగులుకొని పైననే నిలిచినది. మూట పైన, మనిషి క్రింద. మరునాడు వానిని చూడబోయినప్పుడు వాడు మాతో చెప్పిన మాట యిది: "అమ్మ ఫోను చేస్తా ఉందని తెలస్తానే ఉందయ్యా. పైన మోగతా ఉంటే కింద పడుకోని ఇంటా ఉన్నా. తెల్లారిందాకా మోగింది." ఆ రాత్రి పందులు వచ్చి, వానికి ఇరువది గజముల దూరమున, తీరికగా చేను త్రవ్వుకొని పోయినవి.

వాడు నేడు కర్ర ఊతతో నడుచుచున్నాడు. వాని మూటలో లేని వస్తువు లేదు. అన్నియు ఉన్నవి, చేతికి అందవలసినప్పుడు అందవలసినది అందలేదు. అంతే.

మా తమ్ముని కుమారుడు అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట అనుమతిపత్రము తీసికొని అక్టోబరు 1వ తేదీ మొదలుకొని విల్లంబులతో దుప్పులను వేటాడుట కలదు. సంక్రాంతికి వచ్చినప్పుడు వాడు తన సరంజామాను నేలమీద పరచి తీసికొన్న ఛాయాచిత్రములను మాకు చూపెను. వాడు ఒక చెట్టునకు కట్టుబడి యుండడు. దుప్పి జాడ మారినచో తానును చెట్టు మార్చును. కూర్చుండు పలక, చెట్టునకు పట్టీలతో బిగించు నిచ్చెనముక్కలు, మేనికి తొడుగుకొను పట్టీల కవచము, త్రాళ్ళు, విల్లు — అన్నియు వీపుమీదనే. "పెదనాన్నా, ఇంట్లో చీకట్లో కళ్ళు మూసుకొని ఒకసారి మొత్తం తీసి, మళ్ళీ సర్దుతాను. తడబడితే ఆ రోజు అడవికి పోను" అని వాడు చెప్పగా మేము నవ్వితిమి. తుంటి విరిగిన యువకుడు జ్ఞప్తికి వచ్చి వెంటనే నవ్వు మానితిమి.

ఆ సమయమున తాళ్ళెక్కు వృత్తిలో ముదిసిన పెద్ద యొకడు మా వసారాలో కూర్చుండియున్నాడు. ఫోను చేతికి తీసికొని, చెట్టు చుట్టును నడుము చుట్టును పోయిన త్రాటిని వ్రేలితో చూపి, "ఇది మోకే గదయ్యా! సీమ మోకు" అనెను. అతడు చెప్పినది యథార్థము. రెండు చేతులు పనిలో నున్నప్పుడు ఒడలి బరువును త్రాటిమీద వాల్చి నిలుచుట మన గీతపనివారు తరతరములుగా ఎరిగిన విద్య. అయినను మోకు జారినచో, తెగినచో, వానిని పట్టి నిలుపు రెండవ త్రాడు ఉండెడిది కాదు. తెలంగాణలో 2024వ సంవత్సరము జూలై నెలలో 'కాటమయ్య రక్షణ కవచము' అను పేర గీతపనివారికి పర్వతారోహకులు వాడు తీరున పట్టీలు, త్రాళ్ళు, కొక్కెములు గల సంచులను ప్రభుత్వము పంచిపెట్టుట ఆరంభించినది. మంచె రైతునకు అట్టిది ఎవరును ఇయ్యలేదు. మోకు కూడ లేకయే అతడు చెట్టెక్కుచున్నాడు.

ఇక మూట సర్దు క్రమము. మేము ఇటీవల ఇద్దరు ముగ్గురు కాపలాదారులతో కూర్చుండి, ఒకరి సంచిని ఒకరము విప్పి చూచుకొంటిమి. మాకు తోచినదేమనగా, మొదట మూటను రెండుగా విభజింపవలెను: మేనిమీద ఉండునది, త్రాటిపై వచ్చునది. పడిపోయినను మనలను విడిచిపోకూడని వస్తువులన్నియు మేనిమీదనే ఉండవలెను. ఫోను గుండీగల చొక్కాజేబులో, శబ్దము లేకుండ చేసి. ఈల యొకటి మెడలో. లైటు నుదుటికి కట్టుకొనునదైనచో మేలు. ఈ రోజులలో అవి సంతలలోను దొరకుచున్నవి. మేనికి పట్టీల కవచము, దానికి త్రాడు. ఇంతకు మించి మేనిమీద ఏమియు ఉండరాదు. రెండు చేతులును చెట్టునకే చెందినవి.

తక్కినదంతయు చేదత్రాటితో పైకి రావలెను. బావినుండి నీరు చేదుకొన్నట్లే. మూటకు త్రాటి ఒక కొసను కట్టి నేలమీద విడిచి, రెండవ కొసను నడుమునకు ముడివైచుకొని ఎక్కవలెను. మంచెమీద కూర్చుండి, పట్టీ త్రాటిని తలకు పైనున్న మానునకు బిగించిన తరువాతనే చేదుకొనవలెను. ఈ 'తరువాతనే' యను మాటను గట్టిగా పట్టుకొనుడని మా మనవి. మనుష్యులు మంచెమీద నిద్రపోయి పడుదురని లోకము తలచును. పడుట హెచ్చుగా ఎక్కునప్పుడును దిగునప్పుడును, నిచ్చెననుండి మంచెమీదికి కాలు మార్చునప్పుడును జరుగును. త్రాడు తలకు పైన కురుచగా కట్టియున్నచో, పడినను మూరెడు పడి ఆగును. కాలి క్రింద పొడుగుగా కట్టియున్నచో నిలువెత్తు పడి నడుము విరుగును. మరియొక సంగతి. పట్టీలో కదలక వ్రేలాడుచుండినచో తొడలలో రక్తము నిలిచి, కొలది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. కావున పాదము మోపి లేచి నిలుచుటకు ఉచ్చు వేసిన చిన్నత్రాడు ఒకటి జేబులో ఉంచుకొనవలెను. పావలా ఎత్తు బరువుండదు, ప్రాణమును నిలుపును.

సంచిలో పైన ఉండవలసినది ముందుగా కావలసినది. మంచెమీద మొదట కావలసినది కంబళి కాదు. మూటను తగిలించు కొక్కెము. రెండుమూడు కొక్కెములను త్రాటికి గ్రుచ్చి మానుచుట్టు కట్టినచో, నీళ్ళ సొరకాయబుర్ర కుడివైపు, సద్ది ఎడమవైపు, ఎవరి చోటు వారిది. ప్రతి రాత్రియు అదే చోటు. కంబళి సంచి అడుగున ఉండవచ్చును. అర్ధరాత్రి దాక దానితో పనిలేదు. పందికి చూపు తక్కువ, వాసనయు వినికిడియు మెండు. సద్దిడబ్బామూత చప్పుడైన చాలును, గుంపు ఆ చేను విడిచి పొరుగువాని చేనిలో పడును. (పొరుగువాడు మరునాడు మనలను పలుకరించు తీరు వేరుగ నుండును.) డబ్బాకు పాతగుడ్డ చుట్టవలెను. ఇచ్చట మా ఉదయగిరి పక్షమున ఒక మాట చెప్పుకొందుము. ఇచ్చటి చెక్కగరిటెలు, చెంచాలు దూరదేశములకు పోవుచున్నవి. మంచెమీద మాత్రము వాని విలువ వేరు. చెక్క చప్పుడు చేయదు.

వెనుకటి వేటగాండ్రకును ఈ చిక్కు తెలియును. బెంగుళూరున నివసించి 1974వ సంవత్సరమున మరణించిన కెన్నెత్ ఆండర్సన్, తిరుపతి సమీపమున మామండూరు అడవులలో తిరిగినవాడు, మంచెకు వట్టి నులకమంచమువంటి చట్రమును వెంట తీసికొనిపోవుచుండెడివాడు. చెట్టుకొమ్మల నడుమకు దానిని ఎత్తి త్రాళ్ళతో కట్టినచో మంచె సిద్ధము. కొమ్మలు నరుకనక్కరలేదు, గుంజలు పాతనక్కరలేదు, ఆ చప్పుడును ఉండదు. మా ప్రాంతపు రైతునకు ఈ ఉపాయము మిక్కిలి తగినది. గుంజలు పాతి కట్టిన మంచె ఒకే చోట ఉండును. పంది పది దినములలో దానిని గుర్తించి ఎదురువైపునుండి వచ్చును. కాళ్ళు తీసిన మంచమొకటియు నాలుగు త్రాళ్ళును ఉన్నచో గాలివాలును బట్టి నేడు వేపచెట్టు, రేపు చింతచెట్టు.

విల్లు పట్టినవానికి ఈ నియమములన్నియు ఇంకను కఠినములు. తుపాకి దూరమునుండి ప్రేలును. విలుకాడు మృగము ఇరువది ముప్పది గజములలోనికి వచ్చువరకు ఊపిరి బిగబట్టవలెను. అందుచేతనే మా అబ్బాయి విల్లును చేతబట్టి చెట్టెక్కడు, దానిని చివరగా చేదుకొనును. మంగలికత్తివంటి అలుగులుగల బాణములు మూతగల పొదిలోనే ఉండును. మన చెంచులు విలువిద్యలో పేరుపడినవారు. పెంచలకోనలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని ఐతిహ్యము. 1958వ సంవత్సరపు 'చెంచులక్ష్మి' చలనచిత్రములో ఆ చెంచిత స్వామికి పెట్టిన పరీక్షలలో చెట్టెక్కుటయు నొకటి. అయితే 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991వ సంవత్సరపు దాని సవరణయును వచ్చిన పిమ్మట మన దేశమున వినోదపు వేట ముగిసినది. అందుకు మేము చింతింపము. మంచెమీద మన చేతిలో నుండవలసినవి డప్పును, లైటును, కంఠమును మాత్రమే.

చింతింపవలసినది మరియొకటి కలదు. మంచె ఎక్కుటకు ఓపికలేని కొందరు చేనిచుట్టు తీగ లాగి దానికి కరెంటు పెట్టుచున్నారు. అది నేరమని వారికి తెలియును. పందికొరకు పెట్టిన తీగ పందినే ఎంచుకొనదు. తెల్లవారుజామున నీరు కట్టబోవు కూలివాడు, తప్పిపోయిన బఱ్ఱెను వెదకబోవు బాలుడు, ఒక్కొక్కప్పుడు తీగ పెట్టినవాడే దానిపై పడి చనిపోవుచున్నారు. ఎందుకిట్లు చేసితిరని ఒక రైతు నడిగితిమి. "మంచె మీద నుంచి పడి చస్తే నా పిల్లలకు దిక్కెవరయ్యా?" అనెను. ఆ ప్రశ్నకు చట్టము చూపి జవాబు చెప్పుటకు మాకు నోరు రాలేదు. అతనికి ఒక పట్టీని, రెండు త్రాళ్ళను కొని ఇచ్చి, కట్టుకొను తీరు పగటివేళ మూడుసార్లు నేలమీదనే అభ్యాసము చేయించితిమి. అతడు తీగ చుట్టి అటకమీద పెట్టెను. ఈ సంవత్సరము ఎట్లు గడచునో చూడవలెను.

దిగు క్రమమును గురించి ఒక మాట మిగిలినది. తెల్లవారుజామున ఒడలు బిగిసియుండును, ఇంటికి పోవు తొందర ఉండును. ముందు కూర్చున్న చోటనే కాళ్ళు చేతులు సాచి, లైటుతో చెట్టు మొదట పామో ఎలుగుబంటియో ఉన్నదేమో చూడవలెను. పిమ్మట మూటను త్రాటితో దించి, అది నేల తాకిన చప్పుడు విని, త్రాటి కొసను విడువవలెను. మేనిమీది పట్టీ త్రాటిని మాత్రము రెండు పాదములును నేలను తాకిన తరువాతనే విప్పవలెను.